మూగజీవి భోజనం

మహాభారతం ఆదిపర్వంలో, కథారంభంలోనే ఒక కుక్కపిల్ల వృత్తాంతం వస్తుంది. జనమేజయ మహారాజు తమ్ములతో కూడి సత్రయాగం చేస్తున్న చోటికి, దేవతల కుక్క అయిన సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ వచ్చాడు. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను చూసి సరమ యాగశాలకు వెళ్లి, ఏ తప్పూ చేయని పసివాణ్ని ఎందుకు కొట్టారని నిలదీసింది. ఊహించని భయాలు కలుగుతాయని హెచ్చరించి వెళ్లిపోయింది. నన్నయ ఈ కథను తెలుగువారికి అందించాడు.

ఈ కథలో సారమేయునికి ఒక అదృష్టం ఉంది. అతని పక్షాన మాట్లాడటానికి తల్లి ఉంది. మన ఇంటి ముంగిట ఉండే కుక్కకు ఆ పాటి ఆసరా లేదు. గిన్నెలో ఏది పెడితే అది తింటుంది. ఇందులో ఏమి కలిపారని అడగదు. తిన్నది పడకపోతే ఒక మూలకు పోయి ముడుచుకొని పడుకుంటుంది. కాబట్టి అది అడగలేని ప్రశ్నను పెట్టే మనిషే తనకు తాను వేసుకోవాలి. ఈ గిన్నెలో ఏముంది? ఎంత ఉంది? కుక్క ఆహారాన్ని గురించిన విచారణ అంతా ఈ రెండు ప్రశ్నలలో ఇమిడి ఉంది.

జంతువులకు అన్నం పెట్టడం మనకు కొత్త కాదు. గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. తాను భుజించటానికి ముందు కాకులకు, కుక్కలకు, క్రిమికీటకాలకు కొంత అన్నం పెట్టడం అందులోని భాగం. శాస్త్రం తెలియని ఇళ్లలో సైతం ఈ ఆచారం మరొక రూపంలో సాగింది. తెనాలికి దక్షిణాన ఉన్న అమృతలూరు వంటి కృష్ణా డెల్టా గ్రామాల్లో వరి ప్రధానమైన పంట. అందువల్ల ఇంటి కుక్క భోజనం కూడా వరి చుట్టూనే తిరిగింది. వార్చిన గంజి, మిగిలిన అన్నం, కొంచెం మజ్జిగ, చేపలు వండిన రోజున తలలు, తోకలు దానికి దక్కేవి.

అయితే ఆనాటి కుక్క ఆ గంజితోనే బతికిందని భావించటం పొరపాటు. అది రోజంతా ఊరంతా తిరిగేది. పొలం గట్ల మీద ఎలుకలను పట్టేది. కాలువ ఒడ్డున దొరికింది తినేది. ఇంట్లో దొరకని మాంసకృత్తులను, ఖనిజ లవణాలను అది బయట సంపాదించుకునేది. నేటి పెంపుడు కుక్క పరిస్థితి వేరు. అది గొలుసుకు కట్టుబడి, ప్రహరీ గోడ లోపలనే పెరుగుతోంది. దాని ప్రపంచమంతా ఆ ఒక్క గిన్నె. గిన్నెలో లోపమున్నా, విషమున్నా తప్పించుకొనే దారి దానికి లేదు. అందువల్లనే యజమాని బాధ్యత పూర్వం కంటె పెరిగింది.

కుక్క తోడేలు సంతతికి చెందినదే కనుక దానికి అన్నం పనికిరాదని కొందరు వాదిస్తారు. ఈ వాదం పూర్తిగా సరైనది కాదు. స్వీడన్ దేశానికి చెందిన శాస్త్రవేత్తలు తోడేళ్ల, కుక్కల జన్యువులను పోల్చి చూసి 2013లో తమ ఫలితాలను ప్రకటించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైముకు సంబంధించిన ఒక జన్యువు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులుగా ఉంటే, కుక్కలో నాలుగు నుంచి ముప్పై ప్రతుల వరకు ఉన్నట్లు వారు గుర్తించారు. మనిషి వ్యవసాయం నేర్చి ధాన్యం తినటం మొదలుపెట్టిన తరువాత, అతని వాకిట బతికిన కుక్క కూడా ధాన్యం అరిగించుకొనే శక్తిని సంతరించుకుందని దీని తాత్పర్యం. ఉడికిన అన్నం కుక్కకు అరుగుతుంది.

అరగటం వేరు, సరిపోవటం వేరు. ఉత్త అన్నం, మజ్జిగ తిని పెరిగే కుక్కకు తగినంత మాంసకృత్తులు అందవు. అలాగని ఉత్త మాంసం పెట్టినా ప్రమాదమే. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఆహారంలో కాల్షియం భాస్వరం కంటె తగ్గకూడదు. భాస్వరం ఒక పాలు అయితే కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్ల దాకా ఉండాలి. ఈ నిష్పత్తి తప్పినప్పుడు శరీరం తన ఎముకలలోని కాల్షియాన్ని కరిగించి వాడుకుంటుంది. ఎదిగే వయస్సులో ఎముక లేని మాంసం మాత్రమే తిన్న కుక్కపిల్లల కాళ్లు వంకరపోవటానికి, చిన్న దెబ్బకే ఎముకలు విరగటానికి ఇదే కారణం. ప్రేమతో పెట్టిన మాంసమే ఇక్కడ శత్రువుగా మారుతుంది.

ఈ లెక్కలన్నీ సరిచూసి తయారుచేస్తామనే మాట మీదనే కర్మాగారాల ఆహారం పుట్టింది. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి 1860 ప్రాంతంలో లండన్‌లో గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, గొడ్డు రక్తం కలిపి కుక్కల కోసం బిస్కట్లు తయారుచేశాడు. నౌకాశ్రయంలో కుక్కలు నావికుల గట్టి రొట్టెలను ఆశగా తినటం చూసి అతనికి ఈ ఆలోచన కలిగిందని చెబుతారు. ఆ తరువాత డబ్బాలలో నింపిన మాంసాహారం వచ్చింది. పిండిని అధిక వేడితో, ఒత్తిడితో యంత్రంలో నుంచి నెట్టి పొంగిన గుళికలుగా చేసే పద్ధతి 1950ల చివరి సంవత్సరాల్లో కుక్కల ఆహారానికి అన్వయించారు. నేడు మన కిరాణా కొట్లలో సైతం సంచులలో అమ్ముతున్నది ప్రధానంగా ఈ గుళికల ఆహారమే. తెలంగాణలోని సిద్దిపేట జిల్లాలో కూడా ఇటువంటి పెద్ద కర్మాగారం ఉంది.

ఆ సంచి మీద ముద్రించిన పదార్థాల పట్టికను చూసి సామాన్యుడు బెదిరిపోతాడు. అందులోని కొన్ని మాటలను విప్పి చూస్తే మన ఊరి ధాన్యమే కనిపిస్తుంది. ‘బ్రూవర్స్ రైస్’ అంటే మిల్లులో విరిగిన బియ్యం, అనగా నూకలు. ‘రైస్ బ్రాన్’ అంటే తవుడు. ‘కార్న్’ అంటే మొక్కజొన్న. వరి కోసిన తరువాత ఈ డెల్టా పొలాల్లో మినుముతో పాటు విస్తారంగా వేసే పైరే అది. ‘మీట్ మీల్’ అంటే మాంసపు పొడి. కబేళాలో మిగిలిన భాగాలను బాగా ఉడికించి, కొవ్వు తీసి, ఎండబెట్టి పొడి చేస్తారు. ‘బై ప్రొడక్ట్స్’ అంటే కండ మాంసం కాని కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు మొదలైన అవయవాలు. పేరు వినటానికి హీనంగా తోచినా కాలేయం వంటివి పోషక విలువ గలవే. ‘టోకోఫెరాల్స్’ అంటే కొవ్వు ముక్కిపోకుండా కాపాడే ‘ఇ’ విటమిన్.

పట్టికలో పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పచ్చి కోడిమాంసంలో ఇంచుమించు మూడు వంతుల నీరుంటుంది. ఆ నీటి బరువుతో అది పట్టికలో మొదటి స్థానం పొందుతుంది. గుళికగా ఆరిన తరువాత దాని వాటా బాగా తగ్గిపోతుంది. పేరులో కూడా ఇటువంటి మెలికే ఉంది. అమెరికాలో అనుసరించే నియమాల ప్రకారం, ఫలానా మాంసం ‘తో’ అని పేరులో ఉంటే ఆ మాంసం నూటికి 3 పాళ్లు ఉంటే చాలు. ‘డిన్నర్’ అని ఉంటే 25 పాళ్లు ఉండాలి. ‘ఫ్లేవర్’ అని ఉంటే రుచి తెలిసేటంత ఉంటే సరిపోతుంది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడా కుక్కల, పిల్లుల ఆహారానికి ఐ.ఎస్. 11968 అనే ప్రమాణాన్ని రూపొందించింది. సంచి కొనేవారు బొమ్మను కాక అక్షరాలను చూడాలి.

మాంసకృత్తుల శాతాన్ని పోల్చేటప్పుడు నీటిని తీసివేసి చూడటం అవసరం. ఒక డబ్బా మీద మాంసకృత్తులు 8 శాతం, తేమ 80 శాతం అని ఉన్నదనుకుందాం. నీరు పోగా మిగిలేది 20 పాళ్లు. అందులో 8 పాళ్లు మాంసకృత్తులు, అంటే 40 శాతం. మరొక సంచి మీద మాంసకృత్తులు 22 శాతం, తేమ 10 శాతం అని ఉంటే, 90 పాళ్లలో 22, అంటే సుమారు 24 శాతం మాత్రమే. పైకి తక్కువగా కనిపించింది నిజానికి ఎక్కువ.

అంకెలు సరిగా ఉన్నంత మాత్రాన ఆహారం సురక్షితమని చెప్పలేం. 2007 మార్చిలో ఉత్తర అమెరికాలో మెనూ ఫుడ్స్ అనే సంస్థ కుక్కల, పిల్లుల ఆహారానికి చెందిన సుమారు 6 కోట్ల డబ్బాలను, పొట్లాలను వెనక్కు రప్పించవలసి వచ్చింది. వాటిని తిన్న జంతువులు మూత్రపిండాలు చెడి మరణించాయి. చైనా నుంచి దిగుమతి అయిన గోధుమ జిగురులో మెలమైన్ అనే రసాయనం కలిసినట్లు పరిశోధనలో తేలింది. ఆ కల్తీకి కారణం తెలుసుకోదగినది. ఆహారంలోని మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి, దాని నుంచి మాంసకృత్తులను లెక్కగడతారు. మెలమైన్‌లో నత్రజని అధికం. దానిని కలిపితే పరీక్షలో మాంసకృత్తులు ఎక్కువగా ఉన్నట్లు కనిపిస్తుంది. కొలమానాన్ని మోసగించిన మనిషి తెలివికి మూల్యం చెల్లించింది నోరులేని జీవాలు. ఆ మరుసటి సంవత్సరం చైనాలో పసిపిల్లల పాలపొడిలోనూ ఇదే కల్తీ బయటపడింది.

కుక్కలకు ముద్దుగా పెట్టే చిరుతిళ్ల విషయంలోనూ ఇటువంటి అనుభవం ఉంది. ఎండబెట్టిన కోడిమాంసపు పీలికలు తిన్న కుక్కలు జబ్బు పడుతున్నాయని 2007 నుంచి అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదులు వచ్చాయి. 2014 నాటికి వేయికి పైగా కుక్కల మరణాలు ఆ ఫిర్యాదులలో నమోదయ్యాయి. కారణం మాత్రం స్పష్టంగా తేలలేదు. ఇటువంటి సంఘటనల వల్ల బజారు సరుకు మీద నమ్మకం సడలి, ఇంట్లో సహజ పదార్థాలతో చేసుకోవటం మేలన్న భావన ప్రపంచమంతటా బలపడింది.

ఆ భావనలో సత్యముంది, కానీ అది అర్ధసత్యం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్య పరిశోధకులు పుస్తకాల నుంచి, ఇతర చోట్ల నుంచి సేకరించిన 200 ఇంటి వంట విధానాలను పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించారు. వాటిలో 95 శాతం విధానాలలో కనీసం ఒక ముఖ్య పోషకం తక్కువగా ఉంది. బజారు ఆహారంలో మోసం ఉండవచ్చు. ఇంటి ఆహారంలో మోసం ఉండదు, తెలియకపోవటం ఉంటుంది. కుక్క శరీరానికి రెండింటి ఫలితం ఒకటే. ధాన్యం లేని ఆహారమే సహజమన్న ప్రచారాన్ని కూడా ఇదే దృష్టితో చూడాలి. బఠానీలు, పప్పులు, బంగాళాదుంపలు ప్రధానంగా గల ధాన్యరహిత ఆహారం తిన్న కొన్ని కుక్కలలో గుండె కండరాల జబ్బు కనిపించిందని 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ విచారణ ప్రారంభించింది. సంబంధం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. అయినా ‘సహజం’ అన్న మాట ఒక్కటే రక్ష కాదని ఆ విచారణ గుర్తుచేసింది.

ఇక్కడ భోజనానికి, చిరుతిండికి గల భేదం గ్రహించాలి. రోజూ ఇంటి వంటనే పూర్తి భోజనంగా పెట్టదలచినవారు పశువైద్యుని సలహాతో పాళ్లు నిర్ణయించుకోవటం తప్పనిసరి. చిరుతిండి అలా కాదు. రోజుకు కావలసిన శక్తిలో పదోవంతుకు మించనంత వరకు చిరుతిండి వల్ల పోషకాల సమతూకం చెడదని పశువైద్యులు చెబుతారు. ఇంటి తయారీ నిస్సంకోచంగా నిలిచే చోటు ఇదే. పది కిలోల బరువు గల ఎదిగిన కుక్కకు రోజుకు సుమారు 600 కెలొరీలు అవసరం. అంటే చిరుతిండి 60 కెలొరీలు దాటరాదు. ఐదు కిలోల కుక్కకు 35 నుంచి 40, ఇరవై కిలోల కుక్కకు సుమారు 100 కెలొరీలు. బరువు రెట్టింపయితే అవసరం రెట్టింపు కాదన్న సంగతి ఈ అంకెలలో కనిపిస్తుంది.

చిరుతిండి తయారుచేయటానికి ముందు, మన వంటింట్లో కుక్కకు పనికిరానివేవో తెలియాలి. వాటిలో మొదటిది ఉల్లి. ఉల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను చితికిస్తాయి. శరీర బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి రక్తంలో చెప్పుకోదగిన హాని కలిగిస్తుంది. అంటే ఐదు కిలోల కుక్కకు ఒక మాదిరి ఉల్లిపాయ చాలు. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. వెల్లుల్లి సైతం అదే జాతిది. సాంబారు కలిపిన అన్నం, మసాలా కూర పులుసు రోజూ పెట్టేవారు ఈ విషయం తప్పక ఆలోచించాలి. ఆదివారం నాడు కోడికూర తిని ఎముకలు కుక్కకు వేయటం మన ఊళ్లలో పరిపాటి. ఉడికిన ఎముక పెళుసుబారి సూదిగా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. దానికి అంటిన మసాలాలో ఉల్లి, వెల్లుల్లి ఉండనే ఉంటాయి.

ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. కనుక పాయసం, లడ్డు మిగిలాయని పెట్టకూడదు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ గుండెను, నరాలను ఉద్రేకపరుస్తుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కొద్ది పాటిదే అయినా కుక్క రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఎండుచేపలు కుక్కకు ఎంతో ఇష్టం. కానీ ఉప్పు పట్టించి ఎండబెట్టినవి దానికి తగవు. ఉప్పు వేయకుండా ఉడికించి, ముళ్లు తీసిన తాజా చేప మంచిది. మనం తినే తీపి బిస్కట్టులో మైదా, చక్కెర తప్ప కుక్కకు ఉపకరించేది దాదాపు ఏమీ లేదు.

ఇక తయారీ చాలా సులభం. బియ్యపు పిండి 150 గ్రాములు, ఉడికించి మెత్తగా మెదిపిన గుమ్మడి ముక్కలు 100 గ్రాములు, ఒక కోడిగుడ్డు తీసుకోవాలి. ఉప్పు, కారం, చక్కెర, బెల్లం ఏవీ వేయనక్కరలేదు. మూడింటినీ ముద్దగా కలిపి, అవసరమైతే చెంచాడు నీళ్లు చేర్చి, పలుచని రొట్టెలుగా తట్టాలి. మందపాటి పెనం మీద సన్నని సెగన రెండు వైపులా లోపలి తేమ పోయేదాకా కాల్చాలి. దించిన తరువాత మొత్తాన్ని 60 చిన్న ముక్కలుగా కోయాలి. పిండిలో 540, గుడ్డులో 70, గుమ్మడిలో 25 కెలొరీల చొప్పున లెక్కవేస్తే మొత్తం సుమారు 635 కెలొరీలు. ఒక్కొక్క ముక్క 10 కెలొరీలకు కొంచెం పైగా ఉంటుంది. పది కిలోల కుక్కకు రోజుకు ఐదు ముక్కలు హద్దు. గుమ్మడికి బదులు చిలగడదుంప వాడవచ్చు. అప్పుడు కెలొరీలు కొంత పెరుగుతాయి కనుక ఒక ముక్క తగ్గించాలి. గుడ్డు పడని కుక్కలు కూడా కొన్ని ఉంటాయి. ఏ కొత్త పదార్థమైనా మొదట ఒక్క ముక్క పెట్టి, ఒకటి రెండు రోజులు గమనించిన తరువాతనే కొనసాగించాలి.

నిల్వ విషయంలో డెల్టా వాతావరణాన్ని మరువరాదు. కాలువల నడుమ ఉండే ఈ గ్రామాల గాలిలో తేమ ఎక్కువ. నిలవచేసే పదార్థం వాడని ఇంటి సరుకు తొందరగా బూజు పడుతుంది. పూర్తిగా చల్లారిన ముక్కలను మూతగల డబ్బాలో ఉంచి మూడు నాలుగు రోజులలో వాడివేయాలి. బూజును గీకివేసి పెట్టడం, బూజు పట్టిన రొట్టెను ‘కుక్కకేగా’ అని విసరటం తగదు. తేమ తగిలిన మొక్కజొన్న మీద, వేరుశనగ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని విడుదల చేస్తుంది. అది కాలేయాన్ని నాశనం చేస్తుంది. వండినా పూర్తిగా నశించదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో మరణించినప్పుడు, వాటి దాణాలోని వేరుశనగ పిండిని పరిశోధించిన శాస్త్రవేత్తలు ఈ విషాన్ని గుర్తించారు. ఆరు దశాబ్దాల తరువాత, 2020 చివరి నుంచి, అమెరికాలో ఇదే విషం చేరిన గుళికల ఆహారం తిని వందకు పైగా కుక్కలు మరణించినట్లు ఫిర్యాదులు అందాయి. కళ్లంలో సరిగా ఆరని ధాన్యం నుంచి ఇంటి డబ్బా దాకా తేమే అసలు శత్రువు.

ఇంతవరకు చూసిన దానిని బట్టి బజారు ఆహారమంతా చెడ్డదనీ, ఇంటి ఆహారమంతా మంచిదనీ తీర్పు చెప్పటానికి వీలులేదు. సంచిలోని నూక, తవుడు మన మిల్లులో కనిపించేవే. మన కూరలోని ఉల్లి సంచిలో కనిపించని విషం. కొన్నదైనా, వండినదైనా తెలిసి పెట్టినది మేలు చేస్తుంది, తెలియక పెట్టినది కీడు చేస్తుంది.

భారతకథ ఒక కుక్కపిల్ల కన్నీటితో మొదలై, మరొక కుక్క తోడుగా ముగింపునకు చేరుతుంది. మహాప్రస్థానంలో వెంట వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు పలికాడు. నమ్మి వెంట వచ్చిన దానిని విడవరాదన్నది ఆనాటి ధర్మం. ఆ ధర్మాన్ని పాటించటానికి నేటి గృహస్థు మహాప్రస్థానం చేయనక్కరలేదు. పూటకొకసారి గిన్నె నింపే ముందు ఒక్క నిమిషం ఆగి, అందులో ఏముందో, ఎంత ఉందో చూసుకుంటే చాలు.